సింథసైజరు, ఇంటి కంప్యూటరు – శబ్దగ్రహణ విధానము

నాదాన్ని సృష్టించే వాద్యం ఎంత ముఖ్యమో, ఆ నాదాన్ని భద్రపరచే సాధనం కూడా అంతే ముఖ్యం. ఒకనాడు పాట రికార్డు కావాలంటే మద్రాసు వంటి మహానగరంలోని స్టూడియోను ఆశ్రయించవలసి వచ్చేది. నేడు ఒక సింథసైజరు, ఒక కంప్యూటరు, రెండు మూడు తీగలు ఉంటే ములకలపల్లి వంటి అటవీ ప్రాంతపు ఇంటిలోనే ఆ పని సాధ్యమవుతున్నది. అయితే ఏ తీగ దేనిని మోస్తుందో తెలియనిదే ఫలితం దక్కదు. దానిని వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

రెండు మార్గాలు

సింథసైజరు నుండి కంప్యూటరుకు రెండు విధాలైన సమాచారం వెళ్ళగలదు. ఒకటి శబ్దం, రెండవది ఆ శబ్దాన్ని పుట్టించవలసిన ఆజ్ఞ. ఈ రెండింటికీ గల భేదం, గాయకుని గానానికీ, అతని ముందున్న స్వరలిపి పుస్తకానికీ గల భేదం వంటిది.

మిడి మార్గం

ఆజ్ఞలను మోసే పద్ధతికి 'మిడి' అని పేరు. పూర్వం ఒక కంపెనీ వాద్యం భాష మరొక కంపెనీ వాద్యానికి అర్థమయ్యేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థకు చెందిన డేవ్ స్మిత్, జపానులో రోలాండ్ సంస్థకు చెందిన ఇకుతారో కకెహాషి ప్రభృతుల కృషి వలన 1983లో అన్నింటికీ ఒకే భాష ఏర్పడినది. ఈ సేవకుగాను వారిరువురికీ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.

ఒక మెట్టును నొక్కగానే ఏ మెట్టు, ఎంత బలంగా అనే వివరం మూడు బైట్లలో ప్రయాణిస్తుంది. వదలగానే మరొక మూడు. మెట్లకు 0 నుండి 127 వరకు సంఖ్యలు ఉంటాయి. మధ్యమ స్థాయిలోని 'సి' మెట్టు సంఖ్య 60. ఈ లెక్కన వంద స్వరాల బాణీకి సుమారు 600 బైట్లు చాలును. తప్పిన స్వరాన్ని తరువాత సరిదిద్దవచ్చు, కాలాన్ని పెంచవచ్చు, వేణునాదాన్ని వయొలిన్‌గా మార్చవచ్చు. కానీ అందులో శబ్దమనేది అణుమాత్రమైనా ఉండదు.

పాత సింథసైజరుకు అయిదు సూదుల గుండ్రని మిడి సాకెట్లు ఉంటాయి. వాద్యపు 'అవుట్' నుండి కంప్యూటరు వైపు 'ఇన్'కు తీగ కలపాలి. కొత్త వాటికి యు.ఎస్.బి. తీగ ఒక్కటే చాలును. అయితే చాలా వాద్యాలలో ఆ తీగ ఆజ్ఞలనే పంపుతుందిగాని శబ్దాన్ని కాదు.

శబ్ద మార్గం

శబ్దం కావలసినచో సింథసైజరు 'లైన్ అవుట్' నుండి కంప్యూటరు 'లైన్ ఇన్'కు తీగ కలపాలి. మైకు సాకెట్టు అతి సూక్ష్మమైన విద్యుత్ సంకేతానికి ఏర్పడినది. దానిలో లైన్ సంకేతం పెడితే శబ్దం పగిలిపోతుంది. లైన్ ఇన్ లేని కంప్యూటరుకు ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె అవసరం.

కంప్యూటరు ఈ శబ్దతరంగాన్ని సెకనుకు 44,100 మార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. రెండు చానెళ్ళ శబ్దం ఒక్క నిమిషానికి కోటి బైట్లకు పైగా స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఉచితంగా లభించే ఆడాసిటీ వంటి ప్రోగ్రాములు ఈ పనికి చాలును. సూచిక గరిష్ఠ రేఖను తాకకుండా కొంత ఎడం ఉంచాలి. గుయ్యిమనే విద్యుత్ రొద వినిపిస్తే, రెండు పరికరాలను ఒకే ప్లగ్గు బోర్డుకు తగిలించి చూడాలి. లేదా ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడపాలి.

ఇంటి స్టూడియో ఘనత

ఈ సాధన సంపత్తి ఎంతటి మార్పు తెచ్చినదో మన సినీసంగీతమే నిదర్శనం. తెలుగు చిత్రాలకు రాజ్–కోటి ద్వయం వద్ద కీబోర్డు వాయించిన యువకుడు ఏ.ఆర్. రహమాన్. మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే 1989లో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియోను నెలకొల్పుకొన్నారు. 1992లో వచ్చిన 'రోజా' సంగీతం జాతీయ పురస్కారాన్ని అందుకొన్నది.

మన కర్తవ్యం

మిడికి మెట్లు తెలుసును. మెట్టుకూ మెట్టుకూ నడుమనున్న జారుడు సహజంగా తెలియదు. స్వరాన్ని వంచే చక్రం కొంత సహాయపడినా, గజల్‌లోని మీండ్, కర్ణాటక సంగీతంలోని గమకం, కోయ వృద్ధుని కంఠంలోని వణుకు సంపూర్ణంగా ఆజ్ఞలలో ఇమడవు. వాటికి మైకే శరణ్యం.

మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయడోలి వాయిస్తూ ఆదివాసీ వీరగాథలను గానం చేసినందుకు 2022లో పద్మశ్రీ పొందారు. 2024లో వారు పరమపదించారు. అటువంటి గాథలు గ్రంథస్థం కాక కంఠస్థంగానే వచ్చినవి. పాడే కంఠం మూగబోతే వాటి జాడ మిగలదు. సింథసైజరులోని డోలు శబ్దం ఆ డోలికి ప్రతినిధి కాజాలదు.

కనుక విద్యార్థి మిత్రులారా! సొంత బాణీలు కూర్చుకొనుటకు మిడిని వాడండి. పెద్దల పాటకు మాత్రం మైకు పెట్టి, వారి అనుమతితో, కుదింపు లేని వేవ్ ఫైలుగా భద్రపరచండి. గాయకుని పేరు, ఊరు, తేదీ రాసి, రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచండి. కళాశాల కమిటీ పెద్దలు ఒక మైకును, ఒక ఇంటర్‌ఫేస్‌ను సమకూర్చినచో ఈ అటవీ సీమలోని కోయపాట, ఉర్దూ గజల్ మన గ్రంథాలయంలో పుస్తకాల సరసన నిలువగలవు.