మైలెత్తు ఊళ్లో మా వదిన గోల్ఫ్

గోల్ఫ్ అనగానే మనలో చాలామంది టీవీ ఛానల్ మార్చేస్తాం. ఎక్కడో పచ్చటి మైదానం, తెల్లటోపీ పెట్టుకున్న ఓ పెద్దమనిషి, అతను కొట్టిన బంతి ఎటు పోయిందో కెమెరావాడికి తప్ప ఎవరికీ కనబడదు. పైగా అది డబ్బున్నవాళ్ల ఆట అనీ, పెద్ద పెద్ద ఆఫీసర్ల కాలక్షేపం అనీ మనకో అభిప్రాయం. మా విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. దాని పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. లోపల ఏం జరుగుతుందో చూడాలని ఏనాడూ అనిపించలేదు.

అలాంటిది 2023 వేసవిలో అమెరికాలోని డెన్వర్‌లో మా అన్నయ్య ఇంట్లో ఆరు వారాలు ఉండి వచ్చాక ఇప్పుడు గోల్ఫ్ వస్తుంటే మా ఇంట్లో రిమోట్ నా చేతిలోంచి కదలడం లేదు. కారణం మా వదిన. యాభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల్ని కాలేజీలకు పంపిన తల్లి, ఆవకాయ పెట్టడంలో మా అమ్మ దగ్గర మార్కులు కొట్టేసిన కోడలు... వారానికి రెండు ఉదయాలు కర్రల సంచీ కారులో వేసుకుని గోల్ఫ్‌కి వెళుతుంది!

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది. అంటే సరిగ్గా ఒక మైలు. అందుకే ఆ ఊరికి ‘మైలెత్తు నగరం’ అని ముద్దుపేరు. మన తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు, ఊటీ ఏడు వేలు దాటుతుంది. డెన్వర్ ఆ రెంటికీ మధ్యలో అన్నమాట. అయితే కొండ ఎక్కినట్టు ఉండదు. ఊరంతా చదును. పడమటి వైపు మాత్రం రాకీ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. జూన్‌లో కూడా వాటి నెత్తిన మంచు కనబడుతుంది. అక్కడి రాష్ట్ర శాసనసభ భవనం మెట్లలో ఒకదాని మీద ‘సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తు’ అని చెక్కి ఉంటుంది. ఎత్తు మళ్లీ మళ్లీ కొలిచినప్పుడల్లా ఆ గుర్తు ఒక మెట్టు మీంచి మరో మెట్టుకు మారిందట. వెళ్లినవాళ్లందరూ అక్కడ నిలబడి ఫోటో దిగాల్సిందే.

ఇక ఎండ. ఏడాదికి మూడువందల రోజులు ఎండ కాసే ఊరు అని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ లెక్కలో కొంచెం అతిశయం ఉన్నా, రోజులో ఏదో ఒక వేళ సూర్యుడు మొహం చూపించకుండా ఉండడం మాత్రం అరుదు. చలికాలంలో మంచు పడినా రెండు మూడు రోజుల్లో ఎండకు కరిగిపోతుంది. అందుకే డిసెంబరులో కూడా మధ్యాహ్నం పూట గోల్ఫ్ ఆడేవాళ్లుంటారు. గాలి పొడిగా ఉండడం వల్ల మనకు బోలెడు లాభాలు. నేను పెట్టిన సగ్గుబియ్యం వడియాలు ఒక్కరోజులో గలగలలాడాయి. మా విశాఖ తేమలో అయితే మూడు రోజులు కాపలా కాయాలి!

సరే, ఎత్తుకీ ఆటకీ ఏమిటి సంబంధం అంటారా? అదే చిత్రం. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి పలచనైతే బంతికి అడ్డు తగ్గుతుంది. విశాఖలో నూట యాభై గజాలు పోయే దెబ్బ డెన్వర్‌లో తొమ్మిది, పది గజాలు అదనంగా పోతుంది. ఒక్కోసారి పదిహేను కూడా పోవచ్చు. పక్కకు వంకరగా తిరగడం కూడా కొంత తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లకి దీన్ని మించిన ఊరు లేదని వదిన నవ్వుతుంది. “నీ బలం కాదమ్మా, ఊరి చలవ!” అంటాడు మా అన్నయ్య. ఆయనకు గోల్ఫ్ రాదు లెండి.

ఈ గాలి మహిమకు పెద్ద కథే ఉంది. డెన్వర్ పక్కనే చెర్రీ హిల్స్ అనే పాత క్లబ్ ఉంది. అక్కడ 1960లో యు.ఎస్. ఓపెన్ పోటీ జరిగింది. ఆఖరి రౌండు మొదలయ్యేసరికి ఆర్నాల్డ్ పామర్ ఏడు దెబ్బలు వెనకబడి ఉన్నాడు. ఇక అతని పని అయిపోయిందనుకున్నారు అందరూ. మొదటి గుంట దూరం 346 గజాలు. మామూలుగా రెండు దెబ్బల్లో అక్కడికి చేరతారు. పామర్ ఒక్క దెబ్బకే బంతిని గుంట ఉన్న పచ్చిక మీదికి చేర్చాడు. ఆ ఊపులో ఆ రౌండంతా 65 దెబ్బల్లో ముగించి కప్పు గెలిచాడు. అతని తర్వాతి స్థానంలో వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడే తర్వాత మహా ఆటగాడైన జాక్ నిక్లాస్.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మొత్తం పద్దెనిమిది గుంటలు. ఒక్కో గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే మనం పచ్చడి వేసుకునే చిన్న గిన్నె మూతంత. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. ఒక్కో గుంటకి ఇన్ని దెబ్బలని ముందే లెక్క ఉంటుంది, దాన్ని ‘పార్’ అంటారు. అంతకన్నా ఒకటి తక్కువైతే ‘బర్డీ’, ఒకటి ఎక్కువైతే ‘బోగీ’. వదిన బోగీలే ఎక్కువ కొడుతుంది. రైలు నిండిందని తనే చెప్పుకుని నవ్వుతుంది. సంచీలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. ఎదుటి మనిషితో గొడవ లేదు, పరుగు లేదు. నడవడం మాత్రం బాగా ఉంటుంది. పద్దెనిమిది గుంటలూ పూర్తిచేస్తే నాలుగైదు మైళ్లు తక్కువ కాదు.

డబ్బున్నవాళ్ల ఆట అన్నాను కదా, డెన్వర్‌లో నాకు నచ్చింది అదే. క్లబ్బుల్లో సభ్యత్వం మనలాంటివాళ్లకు అందేది కాదు. కానీ నగరపాలక సంస్థవే సొంత గోల్ఫ్ మైదానాలున్నాయి. సిటీ పార్క్, వెల్‌షైర్, విల్లిస్ కేస్, ఓవర్‌లాండ్... ఎవరైనా టికెట్టు కొనుక్కుని ఆడవచ్చు. కొత్తవాళ్ల కోసం హార్వర్డ్ గల్చ్ అని తొమ్మిది చిన్న గుంటల మైదానం కూడా ఉంది. వదిన అక్కడే అక్షరాభ్యాసం చేసింది. నేను చూసింది సిటీ పార్క్. వందేళ్లు దాటిన మైదానం. 2020లో దాన్ని కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. పెద్దవాన పడితే నీళ్లు ఇళ్లమీదికి పోకుండా నిలవడానికి అందులోనే పల్లం కూడా ఏర్పాటు చేశారు. ఒకే డబ్బుతో రెండు పనులు! ఈ తెలివి మన ఊళ్లకీ వస్తే ఎంత బాగుండును.

వదిన ఇందులోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2018లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మందులు, కీమో అన్నీ అయ్యాయి. ఫోన్లో ఎప్పుడడిగినా “బాగానే ఉన్నాను” అనేది. ఆ మాట వెనక ఏముందో నాకు సిటీ పార్క్‌లోనే తెలిసింది.

ఆ రోజు నలుగురు ఆడవాళ్లు. వదిన, పక్కింటి కొరియా ఆవిడ, రిటైరైన ఒక టీచరమ్మ, బండి తోయడానికి నేను. పదకొండో గుంట దగ్గర ఉండగా పడమట కొండల మీద మబ్బు కమ్మింది. ఎండ ఎంత తెల్లగా ఉందో అంత త్వరగా చీకటైంది. ఎక్కడో ఉరిమిందో లేదో సైరన్ మోగింది. అందరూ కర్రలు వదిలి గబగబా క్లబ్ భవనంలోకి నడిచారు. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములు రోజువారీ వ్యవహారమట. విశాలమైన మైదానంలో ఇనుప కర్ర పట్టుకుని నిలబడితే ఇంకేముంది? ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా బయటికి రాకూడదని నియమం. చెట్టు కింద నిలబడడం అసలే పనికిరాదు.

ఆ అరగంటలో వదిన డబ్బాలోంచి చేగోడీలు తీసి అందరికీ పంచి, నా పక్కన కూర్చుంది. “ఆపరేషన్ అయ్యాక ఏడాది పాటు ఎడమచెయ్యి భుజం పైకి లేవలేదు తెలుసా? పోపులడబ్బా పై అరలో ఉండేది. రోజూ మీ అన్నయ్యని పిలిచి దింపించుకునేదాన్ని. ఒకరోజు ఆయన లేరు. ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడి ఏడ్చాను” అంది. వ్యాయామం చేయించే ఆమె గోడ మీద వేళ్లు పాకించమనేదట. విసుగొచ్చి మానేసేది. చెయ్యి కదిపితే వాపు వస్తుందేమో, జబ్బు తిరగబెడుతుందేమో అని ఒకటే భయం. ఒకసారి ఆమే అడిగిందట, ‘నీకేదైనా ఆట ఇష్టమా?’ అని. మా వదినకి చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో బిళ్లంగోడు ఆడడం ఇష్టం. అది ఆమెకి చేతులతో వివరించి చెబితే, ‘అయితే నువ్వు గోల్ఫ్ ఆడాలి’ అందట! డాక్టర్‌గారు సరేనన్నాక, మొదట పచ్చిక మీద బంతిని మెల్లగా దొర్లించడం, తర్వాత సగం ఊపు, ఎనిమిది నెలలకి పూర్తి ఊపు.

గోల్ఫ్ ఆడితే క్యాన్సర్ తగ్గుతుందని నేను చెప్పడం లేదు సుమా. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా బరువులెత్తకూడదు, చెయ్యి విసరకూడదు. కానీ మా వదిన ఇప్పుడు పోపులడబ్బా తనే దింపుకుంటుంది.

ఆవిడకి బేబ్ జహారియాస్ కథ చెప్పింది ఆ టీచరమ్మేనట. టెక్సాస్‌లో పుట్టిన పేదింటి పిల్ల. 1932 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తెచ్చింది. తర్వాత గోల్ఫ్‌లోకి వచ్చింది. ఆమె భర్త కొలరాడో రాష్ట్రం కుస్తీ వస్తాదు. 1940లలో ఇద్దరూ డెన్వర్‌లో కాపురం ఉన్నారు. 1947లో బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ ఆమే. తిరిగొస్తే డెన్వర్ జనం వీధుల వెంట బారులుతీరి ఊరేగించారు. 1950లో ఆడవాళ్ల గోల్ఫ్ సంఘం పెట్టిన పదముగ్గురిలో ఆమె ఒకతె. తన ఆటబట్టలు తనే కుట్టుకునేదట కూడా. 1953లో పేగు క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయింది. ఇక ఆడలేదనుకున్నారు. మరుసటి ఏడాదే యు.ఎస్. మహిళల ఓపెన్‌ని పన్నెండు దెబ్బల తేడాతో గెలిచింది! అయితే జబ్బు తిరగబెట్టి 1956లో, నలభై అయిదేళ్లకే పోయింది. ఆ చివరి సంగతి నాకు చెబుతున్నప్పుడు కూడా వదిన గొంతు వణకలేదు. “రెండేళ్లయినా ఆడింది కదా” అంది అంతే.

నాకు మాత్రం ఇంకొక ఆవిడ కథ నచ్చింది. కొరియా నుంచి వచ్చిన కిమ్ అనే అమ్మాయి. పోటీల్లో కిమ్‌లు మరీ ఎక్కువై ఎవరు ఎవరో తెలియక తన పేరే ‘బర్డీ’ అని మార్చుకుంది. 2005లో చెర్రీ హిల్స్‌లో మహిళల ఓపెన్ ఆఖరి గుంట దగ్గర ఆమె బంతి ఇసకలో పడింది. అక్కడినుంచి కొట్టిన దెబ్బ తిన్నగా గుంటలో పడి, బర్డీ అయి, కప్పు గెలిచేసింది. పేరు పెట్టుకుంటే అలా పెట్టుకోవాలి! మనమ్మాయిల్లో బెంగళూరు అదితీ అశోక్‌ని మర్చిపోకూడదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బలో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. అప్పుడు ఆమె కర్రల సంచీ మోసింది వాళ్లమ్మే. అది చదివినప్పుడు నాకు ఆ పిల్లకన్నా ఆ తల్లిమీదే ఎక్కువ ప్రేమ కలిగింది.

ఉరుములు ఆగాక మళ్లీ మైదానంలోకి వెళ్లాం. తడిసిన గడ్డి వాసన, కొండల మీద మళ్లీ ఎండ. వదిన కర్ర వెనక్కి లేపింది. ఎడమచెయ్యి భుజం దాటి పైకి వెళ్లింది. టక్ మన్న చప్పుడు, బంతి లేచింది... ఎంతకీ దిగదే! ఆ తర్వాతి వారం ఆమెకు ఏడాదికోసారి చేసే పరీక్షలు. అన్నయ్య ఫలితం కోసం గదిలో పచార్లు చేస్తుంటే వదిన హాల్లో తివాచీ మీద గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతి దొర్లిస్తూ కూర్చుంది. రిపోర్టులు బాగానే వచ్చాయి.

మీ పిల్లలు డెన్వర్‌లో ఉండి మీరూ వెళ్లే పనుంటే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, ఆయాసం ఉండవచ్చు. మెట్లు నెమ్మదిగా ఎక్కండి, దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఎండ చల్లగా ఉందని మోసపోవద్దు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ సూర్యుడి అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం పెరుగుతుంది. అంచున్న టోపీ, పొడుగు చేతుల జాకెట్టు, సన్‌స్క్రీన్ తప్పదు. పెదవులకు రాత్రిపూట నెయ్యి రాసుకోండి.

ఇంకొకటి, వంటింట్లో. అక్కడ నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో తెర్లుతున్నాయి కదా అని చూస్తే కందిపప్పు ఎంతకీ మెదగదు. కుక్కరు తప్పనిసరి. అందులో కూడా ఇక్కడికన్నా రెండు కూతలు ఎక్కువ రానివ్వాలి. రాజ్మా, శనగలైతే రాత్రంతా నానబెట్టి, పొద్దున గోల్ఫ్‌కి వెళ్లేముందే కుక్కరెక్కించి దింపేస్తుంది మా వదిన.