గొంతునొప్పికి అల్లం మురబ్బా

చలికాలము వచ్చినదంటే ఇంటిలో ఎవరో ఒకరు గొంతునొప్పి అనుచునే యుందురు. బస్టాండులలోను రైళ్లలోను అమ్మే అల్లం మురబ్బా అప్పుడు అందరికీ గుర్తుకు వచ్చును. దానిని ఇంటిలోనే చేసికొనే విధమును, దాని హద్దును కూడ ఇక్కడ తెలుపుచున్నాము.

100 గ్రాముల అల్లమును కడిగి, చెక్కు తీసి, మెత్తగా నూరవలెను. 300 గ్రాముల బెల్లమును కొద్ది నీటిలో కరిగించి, ఇసుక లేకుండ వడకట్టి, అల్లపు ముద్ద కలిపి, సన్నని సెగమీద కలుపుచు ఉడికించవలెను. చన్నీటిలో ఒక చుక్క వేసినప్పుడు అది గట్టిపడి, పళ్లెమునకు కొట్టితే టంగుమనవలెను. అప్పుడు చెంచాడు నెయ్యి కలిపి, నెయ్యి రాసిన పళ్లెములో పోసి, వేడి పూర్తిగా ఆరకముందే ముక్కలుగా గాట్లు పెట్టవలెను. పాకము చేయిమీద పడితే లోతుగా కాలును గనుక పిల్లలను పొయ్యి దగ్గరకు రానీయరాదు. చల్లారిన ముక్కలను గాజుసీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచవలెను. చెమ్మ తగిలితే జిగురు సాగును.

అల్లమునకు ఘాటునిచ్చునది జింజరాల్ అను పదార్థము. ముక్కను చప్పరించుచుండగా లాలాజలము ఊరి గొంతు తడిగా ఉండును, మంట కొంత తగ్గును. ప్రయాణములో కడుపు త్రిప్పుటకును ఇది మంచిదే.

అయితే ఒక్క మాట మరువవద్దు. మురబ్బా నొప్పిని తగ్గించునే గాని క్రిమిని చంపదు. 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు దగ్గు, జలుబు లేకుండ జ్వరముతో గొంతునొప్పి వచ్చి, మెడదగ్గర బిళ్లలు కట్టినయెడల అది స్ట్రెప్టోకాకస్ అను క్రిమివలన కావచ్చును. దానిని అశ్రద్ధ చేసినచో కొందరు పిల్లలకు రెండు మూడు వారముల తరువాత కీళ్లవాపు జ్వరము వచ్చి, గుండె కవాటములు చెడిపోవును. పెన్సిలిన్ వంటి మందును వైద్యుడు చెప్పినన్ని దినములు వాడినచో ఈ ఆపద తప్పును. నొప్పి తగ్గినదని మధ్యలో మానరాదు.

చక్కెర వ్యాధి ఉన్నవారు మురబ్బా తినరాదు. రక్తము పలుచబడు మందులు వాడువారు వైద్యుని అడిగి తినవలెను. అయిదేండ్లలోపు పిల్లలకు గట్టి ముక్క గొంతులో అడ్డుపడవచ్చును గనుక ఇయ్యరాదు.

మురబ్బా సీసా ఇంటిలో ఉండనిండు. జ్వరముతో గొంతునొప్పియని చెప్పిన బిడ్డను మాత్రము ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపొండు.