మిక్కిలి చిన్న నాణెము

దానము చేయుటకు ధనము కావలెననియు, నది మన చేతిలో లేదనియు మనలో ననేకులు చింతించుచుందురు. ఆ చింతను దీర్చిన యొక భారతీయ స్త్రీని గూర్చి సోదరీమణులకు విన్నవింపఁ దలఁచితిమి.

1956వ సంవత్సరమున శాంతి సాలమన్ అను క్రైస్తవ సోదరి, మఱికొందఱు స్త్రీలతోఁ గూడి ఆసియా దేశములు దర్శించుచుండెను. 1953లో యుద్ధ మాఁగిన కొరియాలోనికిఁ బోవ నామెకు ననుమతి దొరకలేదు. తోడివారు సాగిపోఁగా నామె ఫిలిప్పీన్సు దీవులలో నిలిచిపోయెను. మనుష్యుల నాఁపు సరిహద్దు ప్రార్థన నాఁపఁజాలదు గదా యని యామె తలపోసెను. ఆ తలఁపునుండి పుట్టినదే ‘ఫెలోషిప్ ఆఫ్ ది లీస్ట్ కాయిన్’, అనఁగా అల్పనాణెపు సహవాసము.

దీని నియమము సులభము. శాంతికొఱకును, ఇతరులతో సఖ్యము కొఱకును ప్రార్థించినప్పుడెల్ల, స్త్రీ తన దేశపు నాణెములలో మిక్కిలి చిన్నదాని నొకటి వేఱుగ నుంచవలెను. ధనికురాలు మించి యీయ నక్కఱలేదు. పేదరాలు సిగ్గుపడ నక్కఱలేదు. పెక్కు దేశములనుండి యిట్లు చేరిన సొమ్ము స్త్రీలకును బిడ్డలకును మేలుచేయు చిన్నచిన్న కార్యములకును, ఆపన్నుల సహాయమునకును బంపఁబడును.

ఇంతమాత్రమున లోకపు దారిద్ర్యము తీఱునా యని కొంద ఱడుగవచ్చును. తీఱదు. కాని యిందు ఎవరి నాణె మేదో యెవరికిఁ దెలియదు. కావున దాతకు గర్వమును లేదు, గ్రహీతకు చిన్నతనమును లేదు.

పోపులపెట్టెనుండి కాసు దీయుట యెంతసేపు? మాటలు మానిన తోడికోడలి క్షేమము కోరి చేతులు జోడించుటయే కష్టము. ఆ కష్టమైన పనిని ముందుంచి, కాసును వెనుక నుంచుటచేతనే యీ ధర్మము మన కాదరణీయమని తోఁచుచున్నది.