కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలా?

మీ కంప్యూటర్ విండోస్ 10తో చక్కగా పనిచేస్తోందనుకోండి. విండోస్ 11 ఎందుకన్న సందేహం సహజమే. కొత్త హంగుల కోసమైతే మారనక్కరలేదు. ఆలోచించవలసిన విషయం వేరే ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కోట్ల పంక్తుల ప్రోగ్రామ్. అందులో లోపాలు తప్పవు. బయటపడిన లోపాన్ని సరిదిద్దే చిన్న ప్రోగ్రామ్‌ను ‘ప్యాచ్’ అంటారు. విండోస్ 10కి మామూలుగా ప్యాచ్‌లు పంపడం 2025 అక్టోబరు 14తో ఆగింది. పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం మైక్రోసాఫ్ట్ అప్పట్లో మరో ఏడాది గడువు ప్రకటించింది.

ప్యాచ్ ఆగితే ఏమవుతుంది? పాత, కొత్త సిస్టమ్‌లలో ఉమ్మడి భాగాలు చాలా ఉంటాయి. కొత్తదానికి ప్యాచ్ రాగానే, అది ఏ భాగాన్ని మార్చిందో పోల్చి చూసి, దుండగులు లోపం ఆనవాలు పట్టేస్తారు. మరమ్మతు లేని పాత సిస్టమ్‌లో అదే దొడ్డిదారి! 2017 మేలో ‘వాన్నక్రై’ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లను బంధించి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విచిత్రమేమిటంటే, దానికి విరుగుడు ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ఎక్కువగా దెబ్బతిన్నవి దాన్ని వేసుకోని విండోస్ 7 యంత్రాలే.

విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. టీపీఎం కొన్ని యంత్రాల్లో ఉండి కూడా సెట్టింగ్‌లలో ఆపివేసి ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొనేముందు అది చూడండి. నిజంగానే లేకపోతే ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. ఏది వేసినా, ముందు మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. మీ ప్రింటర్ కొత్త సిస్టమ్‌తో పనిచేస్తుందేమో కూడా కనుక్కోండి.