పొట్టి రివాల్వర్ పుట్టుమచ్చలు

1871లో మద్రాసు నుంచి వేసుకుంటూ వచ్చిన రైలు పట్టాలు, బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరులో కలిశాయి. ఆ దారి ఆదోని మీదుగా, తుంగభద్ర స్టేషన్ మీదుగా వెళ్తుంది. రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చేవాళ్లు ఇవాళ దిగే మంత్రాలయం రోడ్ స్టేషన్ అదే. ఆ మరుసటి ఏడు, 1872లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫిలిప్ వెబ్లీ అండ్ సన్ కంపెనీ కోటు జేబులో పట్టే రివాల్వర్ ఒకటి తయారుచేసి ‘బ్రిటిష్ బుల్‌డాగ్’ అని పేరు పెట్టింది. గొట్టం రెండున్నర అంగుళాలే. సిలిండర్‌లో అయిదు తూటాలు పడతాయి. పిడి కింది కొస లోపలికి వంగి, గుప్పిట్లో ఇమిడిపోతుంది.

సీమలో పాతకాలపు రివాల్వర్ ఎక్కడ బయటపడినా, అది ఏమిటో తేల్చాలంటే ఈ రెండు కథలూ తెలిసి ఉండాలి. ఒకటి వస్తువు పుట్టిన కథ. రెండోది ఆ వస్తువు ఇక్కడికి ఎలా వచ్చిందనే కథ.

ఈ నేలకు ఆయుధాలు కొత్త కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించినప్పుడు ఇక్కడికి కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. మఠం మాన్యం విషయంలో ఆయనకు స్వామి బృందావనంలో దర్శనమిచ్చిన ఐతిహ్యం మంత్రాలయంలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ మన్రో మీద పడిన మొదటి పని పాళెగాళ్లను అణచి ఆయుధాలు దించించడం. దాదాపు 80 మంది పాళెగాళ్లు, వాళ్ల వెనక 30,000 మంది సాయుధులు ఉన్నట్టు ఆ కాలపు లెక్క. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ కోటను ఇంగ్లీషువాళ్లు వెతికినప్పుడు లోపల పెద్ద ఆయుధాగారమే బయటపడింది. ఫిరంగులు, మందుగుండు గుట్టలుగా దొరికాయి. అయితే అక్కడ దొరికినవాటిలో రివాల్వర్ ఉండే వీలు దాదాపు లేదు. శామ్యూల్ కోల్ట్ అమెరికాలో రివాల్వర్‌కు పేటెంటు పొందింది 1836 ఫిబ్రవరి 25న. అది ఇంకా అమెరికా దాటి పెద్దగా బయటికి రాలేదు.

తేదీలు ఇలా పక్కపక్కన పెట్టి చూడడం ఉబుసుపోక చేసే పని కాదు. ‘ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలం నాటిది’ అంటూ ఎవరైనా లోహపు తూటాలు పట్టే రివాల్వర్ చూపిస్తే ఆ మాట నిలవదు. నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో మొదలైంది. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ లోహపు గుళ్ల తూటాతో పేలే తన మొదటి రివాల్వర్‌ను అమ్మకానికి పెట్టింది 1857లో. ఇంటి పెద్దల మాట ఎంత గొప్పదైనా, ఇనుము మీది గుర్తులతో కలిస్తేనే దాన్ని చరిత్రగా తీసుకోవాలి.

అప్పట్లో మంత్రాలయం, ఆదోని ప్రాంతమంతా బళ్లారి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే ఇది ఇటు కలిసింది. బళ్లారిలో పెద్ద కంటోన్మెంటు ఉండేది. బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్లు చేతి తుపాకిని సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి ఉండేది. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలు, నగలతోపాటు తుపాకులూ అమ్మేది. ఓక్స్ కంపెనీ మరో దుకాణం. ఇంగ్లండులో తయారైన ఆయుధం మీద, సిలిండర్ పైనున్న పట్టీ మీద, అమ్మిన దుకాణం పేరు చెక్కించే అలవాటు ఉండేది. అలాంటి పేరు కనబడితే తయారీదారుడి పేరు అదేననుకుని చాలామంది పొరబడతారు. అది కొట్టు పేరు మాత్రమే. కార్ఖానా పేరు వేరే చోట, మరింత చిన్నగా ఉంటుంది. వెబ్లీ వాళ్లదైతే రెక్కలున్న తూటా బొమ్మ ఒకటి వెతకాలి.

గొట్టాన్ని అంత పొట్టిగా ఎందుకు చేశారు? దాచుకోవడానికి, చప్పున తీయడానికి. అందుకు చెల్లించిన ధర భౌతికశాస్త్రంలో ఉంది. తూటాలోని మందు అంటుకుని వాయువుగా మారి, గుండును ముందుకు నెడుతుంది. గొట్టం ఎంత పొడవుంటే అంతసేపు నెట్టగలుగుతుంది. రెండంగుళాల గొట్టంలో వాయువు తన పని పూర్తిచేసేలోపే గుండు బయటపడిపోతుంది. దాంతో వేగం తగ్గుతుంది, మిగిలిన మందు బయట మండి మంట, మోత పెరుగుతాయి. ముందు గురి గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య దూరం తక్కువ కావడంతో చిన్న పొరపాటు కూడా దూరంలో పెద్దదవుతుంది. వెబ్లీ వాళ్లు ఆ లోటును బరువైన గుండుతో పూడ్చారు. మొదటి బుల్‌డాగ్‌లో వాడింది .442 క్యాలిబర్, అంటే దాదాపు 11 మిల్లీమీటర్ల సీసం గుండు.

బుల్‌డాగ్ ఎంత నచ్చిందంటే బెల్జియం, ఫ్రాన్స్, స్పెయిన్, అమెరికా, అన్నిచోట్లా నకళ్లు పుట్టుకొచ్చాయి. పేరు కూడా అదే పెట్టుకున్నారు. గొట్టం మీద ‘బుల్‌డాగ్’ అని చెక్కి ఉండడం వల్ల అది వెబ్లీ కార్ఖానాదని చెప్పలేకపోవడానికి కారణం ఇదే. స్కూలు సర్టిఫికెట్టులో మనిషికి పుట్టుమచ్చలు రాసినట్టు, తుపాకికి పరీక్ష ముద్రలు చూడాలి. ఇంగ్లండు, బెల్జియంలలో ప్రతి ఆయుధాన్ని అమ్మకానికి ముందు ప్రభుత్వం గుర్తించిన పరీక్షా కేంద్రంలో మామూలు కన్నా ఎక్కువ మందు పట్టించి పేల్చేవారు. పగలకుండా నిలిస్తే దాని మీద ముద్ర కొట్టేవారు. బెల్జియంలోని లీజ్ పట్టణపు ముద్ర కోడిగుడ్డు ఆకారపు గీతలో ‘ఇ ఎల్ జి’ అనే అక్షరాలు, కింద నక్షత్రం. 1893 నుంచి దానిపైన కిరీటం చేరింది. అంటే కిరీటం లేని ముద్ర ఉన్నది అంతకన్నా పాతది. బర్మింగ్‌హామ్‌లో 1904 దాకా కిరీటం కింద ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రాజదండాలు కొట్టేవారు. ఆ ఏడు ముద్రలు మారి, పొగలేని మందుకు పనికొచ్చేవాటికి ‘ఎన్ పి’ అనే అక్షరాలు వచ్చాయి. కొన్నిటి మీద ‘నాట్ ఇంగ్లిష్ మేక్’ అని ఉంటుంది. విదేశీ ఆయుధాలను ఇంగ్లండులో పరీక్షించినప్పుడు 1925 నుంచి కొట్టిన ముద్ర అది.

ఈ గుర్తులు సిలిండర్ గదుల మధ్య, గొట్టం అడుగున, నూగుగింజంత ఉంటాయి. పైనుంచి లైటు వేస్తే కనబడవు. టార్చిని లోహానికి దాదాపు ఆనించి, పక్క నుంచి ఏటవాలుగా వేసి, భూతద్దంలో చూస్తే గుంటల్లో నీడలు పడి అక్షరాలు లేచి కనబడతాయి. ఒక్కో గుర్తూ అన్ని కోణాల నుంచి ఫోటో తీసి పెట్టుకుంటే ఆ తర్వాత ఆయుధాన్ని పదేపదే తాకే పని ఉండదు. తుడిచి మెరిపించాలనే ఆశను మాత్రం గట్టిగా అణచుకోవాలి. వెండి గిన్నెలు తోమే పొడి పెట్టి రుద్దితే ముద్రల అంచులు పోతాయి. ఆ పైన కార్ఖానాలో పట్టించిన నీలినలుపు పూత పోతుంది. ఆ పూత రంగు కాదు, ఇనుప ఆక్సైడు పొర, అదే తుప్పును కొంతవరకు ఆపుతుంది. సీమలో గాలి పొడి కాబట్టి కోస్తా ఇళ్లలోకన్నా ఇక్కడ పాత ఇనుము మెరుగ్గానే నిలుస్తుంది. కానీ తోలు సంచిలో పెట్టి మరిచిపోతే తుప్పు తప్పదు. తోలులో మిగిలిపోయిన ఆమ్లాలు, లవణాలు వానాకాలపు తేమను పీల్చి, ఇనుముకు ఆనించే ఉంచుతాయి. పాత పొగమందు కాల్చాక గొట్టంలో మిగిలే బూడిద కూడా తేమను లాగేదే.

ఆ పాత మందు మరో ప్రమాదం కూడా దాచుకుని ఉంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియె పొగలేని మందును కనిపెట్టాక తూటాల ఒత్తిడి చాలా పెరిగింది. 1904కు ముందు ముద్రలు మాత్రమే ఉన్న రివాల్వర్ పాత మందుకే చేసినదనుకోవాలి. దానిలో ఈనాటి తూటా పడితే సిలిండర్ చీలి, పట్టుకున్న చెయ్యి పోవచ్చు. అందుకే సేకరించేవాడికి పేల్చి చూడాలన్న ఉబలాటం అస్సలు ఉండకూడదు.

బుల్‌డాగ్ కథలో చేదు ఘట్టం 1881లో జరిగింది. ఆ ఏడు జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను చార్లెస్ గిటో బుల్‌డాగ్ రివాల్వర్‌తో కాల్చాడు. సెప్టెంబరు 19న ఆయన చనిపోయాడు. తుపాకి కొనేటప్పుడు దంతపు పిడి ఉన్నదైతే రేపు మ్యూజియంలో బాగా కనబడుతుందని గిటో అనుకున్నాడని చెబుతారు. అది మ్యూజియం చేరింది కూడా. స్మిత్సోనియన్ సంస్థ దాన్ని ఫోటో తీసింది. ఆ తర్వాత ఆ ఆయుధం అక్కడే ఎక్కడో పోయింది. ఇప్పుడు మిగిలింది ఫోటో ఒక్కటే. సీరియల్ నంబరు గానీ, పరీక్ష ముద్ర గానీ చూడడానికి చేతిలో వస్తువు లేదు.

సినిమాల్లో డిటెక్టివ్ కోటు లోంచి తీసే పొట్టి రివాల్వర్ మాత్రం అమెరికాది. కోల్ట్ కంపెనీ 1927లో ‘డిటెక్టివ్ స్పెషల్’ తెచ్చింది. ఆరు తూటాలు, రెండంగుళాల గొట్టం. స్మిత్ అండ్ వెస్సన్ 1950లో అయిదు తూటాల ‘చీఫ్స్ స్పెషల్’ను పోలీసు అధికారుల మహాసభలో చూపించింది. వాళ్లే దానికి ఆ పేరు ఎంచుకున్నారు. 1957లో దానికి మోడల్ 36 అనే నంబరు వచ్చింది. ఈ రెండు కంపెనీల రివాల్వర్లనూ పేరు చదవకుండానే వేరుచేయవచ్చు. ఎడమ పక్కనున్న మీటను వెనక్కి లాగితే కోల్ట్ సిలిండర్ తెరుచుకుంటుంది, ముందుకు తోస్తే స్మిత్ అండ్ వెస్సన్‌ది తెరుచుకుంటుంది. వెనక నుంచి చూస్తే కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిరుగుతుంది, రెండోది దానికి ఎదురుగా తిరుగుతుంది.

గొట్టం పొట్టిగా ఉన్నంత మాత్రాన కార్ఖానాలోనే అలా పుట్టిందని కాదు. రెండో ప్రపంచయుద్ధంలో స్మిత్ అండ్ వెస్సన్ ‘విక్టరీ’ మోడల్ రివాల్వర్లు లక్షల్లో తయారై, బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాలకూ చేరాయి. యుద్ధం అయిపోయాక మిగులు సరుకు కొన్న వ్యాపారులు చాలావాటి గొట్టాలు కోసి పొట్టివిగా అమ్మారు. వాటిని పట్టించేది గొట్టం కింది భాగం. అసలు గొట్టానికి అడుగున ఓ చిన్న ముడి ఉంటుంది. తూటాల ఖాళీ గుళ్లను బయటికి తోసే కడ్డీ ముందు కొస అందులో ఇరుక్కుని సిలిండర్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. కోసినప్పుడు ఆ ముడి పోతుంది. కడ్డీ కొస గాలిలో వేలాడుతుంది. ముందు గురి గుర్తును మళ్లీ అతికించిన ఆనవాలు, సగంలో తెగిన అక్షరాలు కూడా సాక్ష్యం చెబుతాయి. సీరియల్ నంబరు ముందు ‘వి’ అనే అక్షరం ఉంటే అది యుద్ధకాలపు విక్టరీ అని అనుమానించాలి.

మన దేశంలో తయారైన పొట్టి రివాల్వర్ల వంశం వెబ్లీ నుంచే వచ్చింది. సైన్యం వాడే .38, .455 బోర్లు మామూలు లైసెన్సుదారులకు నిషేధం కాబట్టి కాన్పూరు ఆయుధ కర్మాగారం వెబ్లీ నమూనా మీద .32 రివాల్వర్ తయారుచేసింది. 2014 జనవరిలో అక్కడి నుంచే అరకిలో బరువున్న ‘నిర్భీక్’ వచ్చింది. ధర 1,22,360 రూపాయలు. ఢిల్లీలో 2012లో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత మహిళల కోసమని తెచ్చిన ఆయుధం అది. ఆ ధరకు కొనగలిగే మహిళలు ఎందరని అప్పుడే చాలామంది అడిగారు. ఆ ప్రశ్న సరైనదే.

పాత మిద్దెలో దూలం సందున రివాల్వర్ కనబడితే ఏం చేయాలో చట్టం స్పష్టంగా చెప్పింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారుడు చనిపోతే అతని ఆయుధాన్ని వారసులు పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. రిపేరు చేసినా పేలని పురాతన వస్తువుకు సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. అయితే అది నిజంగా పేలనిదో కాదో తేల్చేది ఇంటివాళ్లు కాదు. ఆయుధం మీది నంబరును చెరపడం, మార్చడం సెక్షన్ 8 కింద నేరం. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. సేకరణ సరదా ఉన్నవాళ్లు ఇదంతా ముందే తెలుసుకోవాలి. తెలిసో తెలియకో సంచిలో పెట్టుకుని ఊరు దాటితే కథ పురావస్తువు దగ్గర ఆగదు.

చెరిపేసిన నంబరును కూడా ఫోరెన్సిక్ లాబొరేటరీలో చాలాసార్లు చదవగలుగుతారు. ముద్ర కొట్టినప్పుడు అక్షరం కింద లోహం లోతుదాకా నలిగి గట్టిపడుతుంది. పైభాగాన్ని ఆకురాయితో రాకేసినా ఆ నలిగిన భాగం మిగులుతుంది. దాని మీద రాగి క్లోరైడ్, ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే నలిగినచోట, నలగనిచోట తినే వేగం వేరుగా ఉండి అంకెలు తేలుతాయి.

నంబరు ఎంత పని చేయగలదో చెప్పడానికి మన స్వాతంత్ర్య చరిత్రలోనే ఉదాహరణలు ఉన్నాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు మాయం చేశారు. ఒక్కో పిస్టలు నంబరూ కంపెనీ పుస్తకాల్లో రాసి ఉండడంతో, తర్వాత ఎక్కడ పట్టుబడినా అది ఆ సరుకులోదే అని పోలీసులు చెప్పగలిగారు. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన భగత్‌సింగ్ పిస్టలు కథ ఇంకా చిత్రం. అది కోల్ట్ .32. పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణా కేంద్రం నుంచి 1969లో ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం పాఠశాలకు మరికొన్ని పాత ఆయుధాలతో కలిసి వెళ్లింది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూశారు. ఏళ్ల తరబడి అది ఎవరిదో తెలియకుండానే ఉండిపోయింది. 2016లో రంగు గీకి చూస్తే కింద 168896 అని ఉంది. పాత కేసు రికార్డుల్లో ఉన్నదీ అదే నంబరు. మరుసటి ఏడు దాన్ని హుసేనివాలా మ్యూజియంలో పెట్టారు.

కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో పాత లైసెన్సు రిజిస్టర్లు, పోలీసు స్టోర్లలో జమపడిన ఆయుధాలు ఒకదానితో ఒకటి పోల్చి చూడదగినవి. కాలం చెల్లినవాటిని కరిగించేముందు ఒక్కోదాని నంబరు, పరీక్ష ముద్ర, దుకాణం పేరు ఫోటో తీసి జిల్లా మ్యూజియంకు ఇస్తే చాలు. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీలు ఏ నంబరు ఏ తేదీన ఎవరికి పంపాయో పాత పుస్తకాలు చూసి ఉత్తరం రాసిచ్చే ఏర్పాటు ఉంది. మద్రాసు దుకాణం పేరున్న ఒక్క పొట్టి రివాల్వర్ అలా దొరికినా, అది ఏ దొరగారి సామానుతో తుంగభద్ర స్టేషన్లో దిగిందో, ఆ తర్వాత ఎవరి లైసెన్సు మీదికి మారిందో వరసగా రాయడానికి వీలవుతుంది.