చూసింది గీద్దాం: పత్తి చేను నుంచి సముద్రం అడుగు దాకా



మన వసతిగృహం వార్షికోత్సవ సంచికకు ప్రతి ఏడూ బొమ్మలు వస్తాయి. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద ఒక ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఆరో తరగతి నుంచి మేమూ ఇదే బొమ్మ వేశాము. పిడుగురాళ్లలో మనకు రోజూ కనిపించేవి సున్నపు బట్టీలు, రాతి క్వారీలు, పత్తి చేలు, మిరప చేలు. మేము చూడని ఊరిని అందరమూ గీశాము. చూస్తున్న ఊరిని ఒక్కరమూ గీయలేదు. మన ఊళ్ళో బొమ్మకు పనికివచ్చేది ఏమీ లేదనుకోవడమే దీనికి కారణం. ఆ ఆలోచన తప్పని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

ప్రకృతి డైరీ అంటే ఏమిటి?

మామూలు డైరీలో మనకు జరిగింది రాసుకుంటాము. ప్రకృతి డైరీలో మన చుట్టూ జరిగేది చూసి, బొమ్మ గీసి, పక్కన నాలుగు మాటలు రాసుకుంటాము. దీనికి ఖరీదైన రంగులు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు.

మేము మొదట పత్తి పువ్వుతో మొదలుపెట్టాము. మొదటి రోజే గొడవ వచ్చింది. మాలో ఒకరు పువ్వు తెల్లగా ఉంటుందని, ఇంకొకరు గులాబీ రంగులో ఉంటుందని పట్టుబట్టారు. సెలవుల్లో అమ్మానాన్నలతో పత్తి తీయడానికి వెళ్ళినవాళ్ళమే అందరమూ! అయినా ఎవ్వరమూ గట్టిగా చెప్పలేకపోయాము. ఒక మొగ్గకు దారం కట్టి, రెండు రోజులు వరసగా వెళ్ళి చూశాము. విచ్చిన రోజు లేత పసుపు కలిసిన తెలుపు. మర్నాటికి అదే పువ్వు గులాబీ రంగుకు తిరిగింది. ఇద్దరూ చెప్పింది నిజమే, కాకపోతే ఇద్దరూ చూసింది సగమే. ఆ తరువాత మిరప పువ్వు చూశాము. తెల్లని చిన్న పువ్వు తల వంచుకుని నేలకేసి చూస్తూ ఉంటుంది. ఇన్నాళ్ళూ కాయనే చూశాము గాని పువ్వు ముఖం చూడలేదు.

డైరీ ఎలా రాయాలి?

1. పేజీ పైన తేదీ, సమయం, చోటు, ఎండో మబ్బో రాయాలి.
2. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు. ఆకుకు ఎన్ని కొసలున్నాయో అన్నీ ఉండాలి.
3. పక్కన మూడు మాటలు రాయాలి: ఏమి చూశాను, అది దేనిలా ఉంది, నాకు అర్థం కానిది ఏమిటి?
4. మన ఇంట్లో దానిని ఏమంటారో ఆ పేరు రాయాలి. పుస్తకంలో పేరు తరువాత వెతుక్కోవచ్చు.

మన నేల మీద గీసిన బొమ్మలు

ఇది కొత్త పని కాదు. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి పాములను, చేపలను పరిశీలించాడు. పాముల పుస్తకం 1796లో, విశాఖలో దొరికిన 200 చేపల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. మనం రక్తపింజర అనే పాముకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. ఆయన ఇక్కడివాళ్ళు చెప్పిన తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. అందులో ‘బంగారు పాము’ ఒకటి. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడే ‘బంగారస్’ అనే పేరు ఆ తెలుగు మాట నుంచే వచ్చింది! అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కలకు బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి భాగాలుగా వెలువడింది.

ఆ చేపలనూ, ఆ మొక్కలనూ చూసి గీసిన చేతులు మన దేశపు చిత్రకారులవి. పుస్తకాల అట్టల మీద రస్సెల్, రాక్స్‌బర్గ్ పేర్లు ఉన్నాయి. గీసినవారి పేర్లు లేవు. ఈ సంగతి తెలిసిన రోజు మాకు చాలా బాధ కలిగింది.

నీళ్ళ అడుగున బొమ్మలు

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మనకు సముద్రం సంగతి ఎందుకని అడగవచ్చు. మన బట్టీలలో కాలే సున్నపురాయి కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడున్న లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నదే. అంటే మనం రోజూ నడిచేది ఒకప్పటి సముద్రపు నేల మీదే.

ఆ నేలను నీళ్ళలోనే చూసి గీసినవారున్నారు. ఆస్ట్రియాకు చెందిన రాన్సొనే 1864-65లో సింహళంలో గాజు కిటికీ ఉన్న ఇనుప గంటలో కూర్చుని, సముద్రంలోకి దిగి పగడాల బొమ్మలు గీశాడు. 1866లో మన పక్కనే మద్రాసులో పుట్టిన జార్ ప్రిచర్డ్ తలకు లోహపు టోపీ తగిలించుకుని, పైనుంచి గొట్టంతో గాలి పంపుతుండగా, తాహితి దీవి దగ్గర నీటి అడుగున రంగులు వేశాడు. నీళ్ళకు పాడవకుండా నూనెలో నానబెట్టిన తోలు మీద గీసేవాడు. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఆక్వాలంగ్‌ను తయారుచేశారు. అప్పటినుంచి గాలి సిలిండరును వీపున కట్టుకుని చేపలా తిరగడం వీలైంది. దీనినే స్కూబా డైవింగ్ అంటారు. ఇప్పుడు విశాఖలో కూడా నేర్పుతున్నారు. నీళ్ళలో ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాసుకుంటారు.

చిత్రకారుడికి అక్కడ దొరికే పాఠం రంగుల గురించి. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. మన ఎండుమిరపకాయను 20 మీటర్ల లోతుకు తీసుకువెళితే నల్లబడ్డట్టు కనిపిస్తుంది. టార్చిలైటు వేస్తే మళ్ళీ ఎర్రగా మెరుస్తుంది. అద్దాల వెనుక నుంచి చూస్తే వస్తువులు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. రంగు వస్తువులో ఎంత ఉందో వెలుతురులోనూ అంతే ఉందని దీనివల్ల తెలుస్తుంది. అదే కారణంగా తెల్లవారుజామున ఒక రంగులో ఉన్న మిరప కళ్ళం మిట్టమధ్యాహ్నం ఇంకో రంగులో ఉంటుంది.

ఒక హెచ్చరిక. స్కూబా శిక్షణ లేకుండా చేసేది కాదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండరు గాలి పీల్చి, ఊపిరి బిగపట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ వ్యాసం చదివి ఎవరూ క్వారీ గుంతల్లోకి దిగవద్దు. ఆ నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి గాని అంచులు నిట్టనిలువుగా ఉంటాయి. ఈత వచ్చినవారికి కూడా పట్టు దొరకదు. వాటిని గట్టు మీద దూరంగా కూర్చుని గీయండి, చాలు.

మాలో ఎవ్వరమూ ఇంకా సముద్రంలో మునగలేదు. ఎప్పుడో ఒకనాడు తప్పక చూస్తాము. అప్పటిదాకా పత్తి చేనే మా సముద్రం.

వచ్చే ఏటి సంచికకు కొండల మధ్య సూర్యుడు వద్దు. మీ చేలో పురుగు, మీ బట్టీ పొగ, మీ గోడ మీద బల్లి పంపండి. బొమ్మ కింద తేదీతోపాటు మీ పేరు, తరగతి తప్పక రాయండి. రెండు వందల ఏళ్ళ క్రితం గీసినవారి పేర్లు పోయాయి. మన పేర్లు పోకూడదు.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థులు,
సాంఘిక సంక్షేమ వసతిగృహం, పిడుగురాళ్ల