అవతలివారు పెట్టేసినా లైను ఖాళీ కాదేం?

కంప్యూటర్‌కు టెలిఫోన్ కార్డు అమర్చేవారు గమనించవలసిన అంశాలు

‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అనే గొంతు వెనుక మనిషి ఉండడు. చిన్న కార్యాలయాల్లో తరచూ ఒక కంప్యూటర్, అందులో బిగించిన టెలిఫోన్ కార్డు, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటాయి. కార్డు బిగించడం పది నిమిషాల పని. దానిని సరిగా సిద్ధం చేయకపోతే మాత్రం ఫిర్యాదుల నంబరు రోజంతా ఎంగేజ్‌లోనే ఉండిపోతుంది. కుళాయి నీరు రాలేదని చెప్పుకోవలసినవారికి ఆ కూత తప్ప మరేమీ వినిపించదు.

ముందుగా పోర్టు సంగతి. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే లైనును ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు, కార్యాలయంలోని ఫోన్లను ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టుకు కలపాలి. డిజియం సంస్థ టీడీఎం400పీ కార్డులో మొదటిదానికి ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ మాడ్యూళ్లు ఉండేవి. బయటి లైనును ఆకుపచ్చదానికి తగిలిస్తే అది కాలిపోయే ప్రమాదం ఉంది. విచిత్రమేమంటే, ఆస్టెరిస్క్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు ఎఫ్‌ఎక్స్‌ఎస్ సంకేత పద్ధతినే రాయాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే.

కార్డు బిగించే ముందు కరెంటు ప్లగ్గుతో పాటు టెలిఫోన్ తీగను కూడా తీసివేయాలి. మామూలుగా ఆ తీగలో దాదాపు 48 వోల్టులే ఉన్నా, గంట మోగేటప్పుడు 75 వోల్టులు లేదా అంతకు మించి వస్తుంది. పిడుగుల కాలంలో కార్డు పాడవకుండా ఉండాలంటే లైనుకు రక్షణ పరికరం, దానికి సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఈ ఖర్చుకు వెనకాడి కార్డునే పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

డ్రైవరును ఎక్కించాక దేశం పేరును భారతదేశంగా మార్చాలి. అలా మార్చకుంటే కార్డుకు, లైనుకు పొంతన కుదరక మాటలు ప్రతిధ్వనిస్తాయి.

అసలు చిక్కు లైను విడుదలలో ఉంది. అవతలివారు ఫోన్ పెట్టేసిన విషయాన్ని కొన్ని ఎక్స్ఛేంజీలు కరెంటును క్షణకాలం ఆపి గానీ, ధ్రువాలు మార్చి గానీ తెలుపుతాయి. కొన్ని ఎంగేజ్ కూత వినిపించి ఊరుకుంటాయి. ఆ కూతను కార్డు గుర్తించలేకపోతే ఖాళీ లైనుకే స్వాగత వచనాలు వినిపిస్తూ కూర్చుంటుంది. మన దేశంలో ఈ కూత 400 హెర్ట్జ్‌లో ముప్పావు సెకను మోగి, ముప్పావు సెకను ఆగుతుంది. ఈ లెక్కను సెట్టింగుల్లో రాసి, నాలుగు కూతల తరువాత లైను వదలమంటే ఆరు సెకన్లలో విడుదలవుతుంది. ఒకటి రెండు కూతలకే వదలమంటే, మాట్లాడుతున్నవారి గొంతునే కూతగా పొరబడి సంభాషణ మధ్యలో తెంచివేయవచ్చు.

మీటల గుర్తింపు కూడా ఇటువంటిదే. ఐదు నొక్కితే 770, 1336 హెర్ట్జ్ శబ్దాలు కలిసి వెళతాయి. రికార్డు చేసిన గొంతు మరీ బిగ్గరగా ఉంటే కార్డు ఈ శబ్దాలను సరిగా పట్టుకోలేదు. అందుకే గొంతు స్థాయి తగ్గించి, ఫైలును సెకనుకు 8,000 నమూనాల మోనోగా మార్చుకోవాలి. టెలిఫోన్ లైను 3,400 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని మోయదు కనుక శ, స అక్షరాల తేడా మసకబారుతుంది. చదివేవారు నిదానంగా పలకాలి.

నంబరును ప్రజలకు ప్రకటించే ముందు సెల్‌ఫోన్ నుంచి పరీక్షించాలి. స్వాగతం వద్ద ఒకసారి, మీట నొక్కాక ఒకసారి, ఫిర్యాదు చెబుతుండగా మరోసారి మధ్యలోనే పెట్టేయాలి. పది సెకన్లు ఆగి మళ్లీ చేసినప్పుడు ప్రతిసారీ గంట మోగితేనే ఆ నంబరును గోడ మీద రాయించాలి.